అంటు మనిషిలో లేదు, క్రిమిలో ఉంది: కరీంనగర్, ఆదిలాబాద్ వాడలకు ల్యాబు ఎందుకు హక్కు

వానలు పడ్డాయంటే కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఏ ఇంట్లో అడిగినా ఒకటే మాట వినిపిస్తుంది: జరం. పత్తి చేలో కలుపు తీసి వచ్చిన కూలి తల్లికి జరం, హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన పిల్లకు జరం, మోరీలు తీసే పారిశుద్ధ్య కార్మికుడికి జరం. ఊళ్లో ఉన్న ఆర్ఎంపీ ఒక సూది వేస్తాడు, ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తాడు, నాలుగు గోలీలు కాగితంలో చుట్టి ఇస్తాడు. తగ్గితే దేవుడి దయ, తగ్గకపోతే పట్నం దారి, అప్పు దారి.

ఈ ఒక్క మాట కింద కనీసం ఆరు రోగాలు దాక్కుని ఉంటాయి. మలేరియా, డెంగీ, చికున్‌గున్యా, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరోసిస్. మొదటి రెండు మూడు రోజులు ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి: చలి, తలనొప్పి, ఒళ్లు నొప్పులు. మందులు మాత్రం ఒకటి కాదు. మలేరియా గోలీ టైఫాయిడ్‌కు పనిచేయదు. టైఫాయిడ్‌కు వేసే సూదిమందు స్క్రబ్ టైఫస్‌ను ఆపదు. డెంగీకి యాంటీబయాటిక్‌తో పనే లేదు. ఏ జ్వరమో తేల్చి చెప్పగలిగేది మైక్రోబయాలజీ ల్యాబు. ఆ ల్యాబు మనకు ఎంత దూరంలో ఉందన్న దాని మీదే చాలాసార్లు బతుకు, చావు ఆధారపడతాయి.

పరిశోధన విద్యార్థులుగా మేం యూనివర్సిటీలో చదువుకున్నది, మా వాడల్లో చూస్తున్నది కలిపి ఇక్కడ చెబుతున్నాం. ల్యాబులో ఏం జరుగుతుందో తెలిస్తేనే అక్కడి నుంచి మనకు ఏం రావాలో అడగగలుగుతాం.

అంటు అనే మాట

తెలుగులో అంటురోగం అంటాం, అంటరానితనం అంటాం. రెండింటిలోనూ ఉన్న మాట ఒకటే. కులం ఈ మాటను మనుషుల మీద రుద్దింది. ఫలానా ఇంట్లో పుట్టినవాడిది మైల, వాడు తాగిన గ్లాసుది మైల, వాడి నీడది మైల అన్నది. ఆ మైలకు రుజువు అక్కర్లేదు, ఎంత కడిగినా పోదు, తరం నుంచి తరానికి వస్తుంది.

ల్యాబులోనూ ఒక మైల ఉంది. దాన్ని కంటామినేషన్ అంటారు. దానికి రుజువు కావాలి. ప్లేటు మీద పెరిగి కనిపించాలి, లేదా మైక్రోస్కోపు కింద కంటికి దొరకాలి. బ్రాహ్మడి చేతి మీద నుంచి తీసినా, మాదిగ చేతి మీద నుంచి తీసినా అవే రకాల బ్యాక్టీరియాలు పెరుగుతాయి. పైగా ఈ మైల పోతుంది. ఆటోక్లేవ్ అనే ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలో 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉంచితే దాదాపు ఏ క్రిమీ మిగలదు.

అంటుకు ఒక కారణం ఉంటుంది, ఒక దారి ఉంటుంది, ఒక అడ్డుకట్ట ఉంటుంది అని చూపించడమే క్రిమిశాస్త్రం చేసిన పని. మనకు ఇది సైన్సు పాఠం, దానితోపాటు ఆత్మగౌరవ పాఠం కూడా.

1897: పుణె, సికింద్రాబాద్

1897 మార్చి 10న సావిత్రిబాయి ఫూలే పుణెలో ప్లేగుతో చనిపోయారు. ఆమె కొడుకు యశ్వంత్ డాక్టరు. ఊరి బయట దవాఖాన పెట్టి రోగులను చూస్తుంటే, ఆమె వాడల నుంచి రోగులను తీసుకొచ్చి చేర్చేవారు. అలా ఒక మహర్ వాడ నుంచి పిల్లవాడిని మోసుకొచ్చిన తర్వాతే ఆమెకు రోగం సోకింది. ప్లేగు క్రిమిని హాంకాంగ్‌లో కనిపెట్టి అప్పటికి 3 ఏళ్లే అయింది. ఎలుక మీది ఫ్లీ అనే పురుగు ద్వారా అది మనిషికి వస్తుందని సైమండ్ కరాచీలో గమనించింది 1898లో. ఆమె చనిపోయేనాటికి అంటు ఏ దారిలో వస్తుందో ఇంకా తేలలేదు. అయినా అందరూ దూరం జరిగిన మనుషులను ఆమె ఎత్తుకున్నారు.

అదే ఏడాది ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు కోసి, మైక్రోస్కోపు కింద మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమ కుట్టింది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి అతన్ని కుట్టించుకున్నారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. హైదరాబాద్ నల్లకుంటలో ఉన్న ఫీవర్ ఆసుపత్రి ఇప్పుడు అతని పేరు మీదే ఉంది. జనం మాత్రం దాన్ని నేటికీ కోరంటి దవాఖాన అంటారు. క్వారంటైన్ అన్న మాటే జనం నోట్లో కోరంటి అయింది.

చెడుగాలి వల్ల జ్వరం వస్తుందన్న పాత నమ్మకం ఆ దోమతో కూలిపోయింది. గాలిని, శాపాన్ని, మనిషిని తప్పుపట్టే పని లేకుండా, నిలిచిన నీళ్లు ఎవరు తీయాలి అన్న ప్రశ్న ముందుకొచ్చింది. అది పంచాయతీని, మున్సిపాలిటీని, సర్కారును అడగాల్సిన ప్రశ్న.

ల్యాబులో జరిగే నాలుగు పనులు

మైక్రోబయాలజీ ల్యాబులో చేసే పరీక్షలు వందల్లో ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగాన్ని నాలుగు పనులుగా చూడొచ్చు.

మొదటిది, చూడటం. వేలి నుంచి రక్తపు చుక్క తీసి గాజు పలక మీద మందంగా ఒకటి, పల్చగా ఒకటి పూస్తారు. రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడతారు. మందపు పూతలో మలేరియా ఉందా లేదా తెలుస్తుంది. పల్చటి పూతలో అది వైవాక్సా, ఫాల్సిపారమా తెలుస్తుంది. మహారాష్ట్ర సరిహద్దులో, అడవి అంచున ఉన్న గోండు, కొలాం గూడేలకు ఈ తేడా చాలా ముఖ్యం. ఫాల్సిపారం మెదడుకెక్కితే మనిషి గంటల్లో చేయి దాటిపోవచ్చు. వైవాక్స్ కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. అందుకే దానికి 14 రోజులు ప్రైమాక్విన్ వాడమంటారు. జరం తగ్గిందని మూడో రోజు ఆపేస్తే రోగం తిరిగొస్తుంది. మందపు పూతలో 100 చోట్ల వెతికాకే లేదు అని రాయాలి. అంటే ఒక పలకకు ఓపికగా చూసే కన్ను కావాలి, దానికి సమయం కావాలి.

రెండోది, పెంచడం. రక్తం, మూత్రం, చీము లాంటి నమూనాను పోషకాలున్న సీసాలోనో ప్లేటులోనో వేసి 37 డిగ్రీల దగ్గర ఉంచితే అందులోని బ్యాక్టీరియా పెరుగుతుంది. దీన్ని కల్చర్ అంటారు. పెరిగిన బ్యాక్టీరియా చుట్టూ వేర్వేరు యాంటీబయాటిక్ బిళ్లలు పెడతారు. ఏ బిళ్ల చుట్టూ క్రిమి పెరగకుండా ఖాళీ వలయం వస్తుందో ఆ మందుకు అది లొంగుతున్నట్టు లెక్క. ఇదంతా కావడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది.

టైఫాయిడ్‌ను ఖాయంగా తేల్చేది, ముఖ్యంగా మొదటి వారంలో, ఈ రక్తపు కల్చరే. మన పక్కన చిన్న ల్యాబుల్లో చేసేది ఎక్కువగా వైడాల్ పరీక్ష. ఒక్కసారి చేసిన వైడాల్‌ను నమ్మడానికి లేదు. పాత జ్వరం జాడలకు, వేరే రోగాలకు కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. ఏ జ్వరం వచ్చినా చీటీలో టైఫాయిడ్ అని రావడానికి, అక్కర్లేని సూదులకు కూలి డబ్బులు పోవడానికి ఇదొక కారణం.

మూడోది, జాడ పట్టడం. క్రిమి ఒంట్లోకి వచ్చాక దాని ముక్కలు రక్తంలో తిరుగుతాయి. వాటికి ఎదురుగా మన ఒళ్లు యాంటీబాడీలు తయారు చేస్తుంది. ఎలైసా పరీక్ష వీటిని పట్టుకుంటుంది. డెంగీలో మొదటి 5 రోజులు ఎన్ఎస్1 అనే ముక్కను వెతకాలి. ఆ తర్వాత ఐజీఎం యాంటీబాడీని వెతకాలి. కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం డెంగీని నిర్ధారించడానికి ఎలైసానే లెక్కలోకి తీసుకుంటుంది. కార్డు మీద గీత వచ్చినంత మాత్రాన ఖాయమైనట్టు కాదు. ఆ గీత చూపించి, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని భయపెడితే, పుస్తెలు తాకట్టు పెట్టి వేల రూపాయలు కట్టిన కుటుంబాలు మన వాడల్లో ఎన్నో. ఎలైసా చేయించారా అని అడగడం మన హక్కు.

నాలుగోది, జన్యువును చదవడం. క్రిమి జన్యువులో ఒక చిన్న ముక్కను లక్షల కాపీలుగా పెంచి గుర్తిస్తారు. కోవిడ్ కాలంలో అందరి నోళ్లలో నలిగిన ఆర్‌టీపీసీఆర్ ఇదే. టీబీకి వాడే సీబీనాట్, ట్రూనాట్ కూడా ఈ కోవవే.

తెమడ డబ్బా చెప్పే కథ

టీబీ క్రిమిని కనిపెట్టినట్టు రాబర్ట్ కాక్ ప్రకటించింది 1882 మార్చి 24న. దాదాపు నూటముప్పై ఏళ్లు పేదల టీబీని పట్టుకోవడానికి మనకు దొరికిన ప్రధాన పరీక్ష తెమడను పలక మీద పూసి, రంగు వేసి చూడటమే. నీలి నేపథ్యంలో ఎర్రటి సన్న కడ్డీల్లా ఆ క్రిములు కనిపిస్తాయి. చవకైన, మంచి పరీక్షే. కానీ ఒక మిల్లీలీటరు తెమడలో 5 వేల నుంచి 10 వేల క్రిములు ఉంటే తప్ప కంటికి దొరకవు. అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లకు ఏం లేదు అన్న చీటీ వచ్చేది. వాళ్లు దగ్గుతూనే పనికి పోయేవాళ్లు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఆమోదించిన సీబీనాట్ యంత్రం మిల్లీలీటరుకు 130 దాకా ఉన్నా పట్టుకుంటుంది. రెండు గంటల్లో ఫలితం చెబుతుంది. రిఫాంపిసిన్ అనే ప్రధాన మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా అందులోనే తెలుస్తుంది. గోవాలో తయారయ్యే ట్రూనాట్ ఇంకా చిన్నది, బ్యాటరీ మీద నడుస్తుంది. ఏసీ గది లేని పీహెచ్‌సీలో కూడా పెట్టొచ్చు. మిగతా మందులకు కూడా లొంగని టీబీని తేల్చాలంటే కల్చర్ చేయాలి. టీబీ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి దానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. గాలి బయటికి పోకుండా కట్టిన ప్రత్యేక ల్యాబు కావాలి. అలాంటివి రాష్ట్రంలో కొన్నే ఉన్నాయి.

మన ప్రాంతానికి ఈ పరీక్ష ఎందుకింత అవసరమో పనులు చూస్తే తెలుస్తుంది. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలున్నాయి. రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి వైపు బొగ్గు గనులున్నాయి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ సోకే ముప్పు చాలా ఎక్కువ. పైగా ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపించవచ్చు. తెమడలో క్రిమి ఉందో లేదో చూడకుండా ఎక్స్‌రే ఒక్కటే నమ్ముకుంటే, ఒకరికి అక్కర్లేని టీబీ మందులు పడతాయి, ఇంకొకరికి రావాల్సిన పరిహారం పోతుంది. సిలికోసిస్ పని వల్ల వచ్చే రోగం, దానికి యజమాని బాధ్యత ఉంది. ల్యాబు చీటీ ఇక్కడ కోర్టు కాగితంగా కూడా పనిచేస్తుంది.

ఒక మాట గుర్తుంచుకోవాలి. డబ్బాలో పోయాల్సింది ఉమ్మి కాదు. పొద్దున లేవగానే గట్టిగా దగ్గి, ఛాతీ లోపలి నుంచి తెచ్చిన తెమడ. ఉమ్మి పంపితే ఎంత మంచి యంత్రమైనా లేదు అనే చెబుతుంది.

రాత్రి పూట రక్తం ఎందుకు తీస్తారు

పాత కరీంనగర్ జిల్లా బోదకాలు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో ఒకటి. ఆరోగ్య సిబ్బంది రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది దాటాక వాడకు వచ్చి వేలి రక్తం తీస్తుంటే, పగలు రాకుండా ఈ రాత్రి వేళ ఏమిటని జనం అనుమానపడటం సహజం. కారణం క్రిమి అలవాటులో ఉంది. బోదకాలు పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో ఎక్కడో లోతుగా దాక్కుంటాయి. రాత్రి పూట, వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టే వేళకు, చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. పగలు తీసిన పలకలో అవి కనిపించకపోవచ్చు. ఇప్పుడు పగలైనా రాత్రయినా పట్టే యాంటిజెన్ స్ట్రిప్పులు వచ్చాయి. పలక పరీక్ష మాత్రం రాత్రి రక్తంతోనే చేయాలి.

ఈ రోగానికి వాడే డీఈసీ మందు తయారీ వెనక ఉన్నది మన తెలుగువాడే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1947లో దాన్ని బయటికి తెచ్చింది. 2004 నుంచి బోదకాలు ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి ఊరందరికీ ఈ గోలీలు ఇస్తున్నారు. కాలు వాచినవాళ్లకే కదా అని మనం పక్కన పెడుతున్నాం. కాలు వాచకముందు ఏళ్ల తరబడి పురుగు ఒంట్లో ఉంటుంది, అప్పుడే గోలీ పనిచేస్తుంది. గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు తప్ప మిగతావాళ్లు సిబ్బంది చెప్పినట్టు వేసుకోవాలి.

క్యూలెక్స్ దోమ పుట్టేది మురికినీటిలో. ఊరి మోరీలన్నీ పల్లం వైపు పారి ఆగేది ఎక్కడో అందరికీ తెలుసు. మాల, మాదిగ వాడలు ఊరికి ఏ దిక్కున, ఏ పల్లంలో ఉన్నాయో చూస్తే బోదకాలు ఎవరికి ఎందుకు వస్తుందో సగం అర్థమవుతుంది. మోరీ కట్టకుండా ఏటా గోలీలు మింగించడం సగం పనే.

చచ్చిన గొడ్డు, దొమ్మ రోగం

ఒక రోగానికి ఒక ప్రత్యేకమైన క్రిమి కారణమని మొట్టమొదట రుజువైంది దొమ్మ రోగం విషయంలో, అంటే ఆంత్రాక్స్. 1876లో కాక్ దాన్ని చూపించాడు. ఈ క్రిమికి ఒక గుణం ఉంది. ఒంట్లో ఉన్నంతసేపు మామూలు బ్యాక్టీరియాలా ఉంటుంది. కళేబరాన్ని కోసి గాలి తగిలించగానే గట్టి పెంకు కట్టుకుని స్పోరుగా మారుతుంది. ఆ స్పోరులు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి.

ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకుందాం. ఊళ్లో చచ్చిన గొడ్డును లాగమని, తోలు తీయమని తరతరాలుగా ఎవరికి చెప్పారు? అది మీ కులవృత్తి అన్నారు. ఆ పని చేసినందుకే మైల అన్నారు. ఆ పనిలో నిజంగా ఉన్న ముప్పు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. చేతికి ఒక గొరుసు, ఒక గీత ఉంటే చాలు, క్రిమి లోపలికి పోతుంది. మొదట దురద పొక్కు, తర్వాత నొప్పి లేని నల్లటి పుండు. నొప్పి లేదు కదా అని వదిలేస్తే రక్తంలోకి పాకి ప్రాణం తీస్తుంది. మొదట్లోనే పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్‌తో నయమవుతుంది.

ఇది పాత కథ కాదు. 2021 అక్టోబర్‌లో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో గొర్రెలు చనిపోతే ఆంత్రాక్స్ అని తేలింది. పశువు ఉన్నట్టుండి చచ్చి, ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లరక్తం కారితే దాన్ని కోయకూడదు, తోలు తీయకూడదు, మాంసం పంచుకోకూడదు. పశువైద్యుడు చెవి నరం నుంచి కొంచెం రక్తం తీసి ల్యాబుకు పంపుతాడు. తేలేదాకా ఎవరూ ముట్టొద్దు. తర్వాత సున్నం వేసి లోతుగా పాతాలి, లేదా కాల్చాలి. ఆ పనికి చేతి తొడుగులు, బూట్లు, కూలి ఇవ్వాల్సింది పంచాయతీ, పశుసంవర్ధక శాఖ. ఉత్త చేతులతో రమ్మంటే రాము అని చెప్పడానికి ఇప్పుడు మన దగ్గర ఆత్మగౌరవంతోపాటు సైన్సు కూడా ఉంది.

కూలి తల్లుల జ్వరం

స్క్రబ్ టైఫస్ గురించి మన దగ్గర చాలా తక్కువ మాట్లాడుకుంటాం. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని నల్లి పిల్లలు కుడితే వస్తుంది. గడ్డి కోసేవాళ్లు, కలుపు తీసేవాళ్లు, కట్టెలకు పోయేవాళ్లు ముందు దీని బారిన పడతారు. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. అది చంకలోనో, గజ్జల్లోనో, రొమ్ము కిందో ఉంటే ఆడవాళ్లు చెప్పరు, మగ డాక్టరు చూడడు. పట్టుకుంటే డాక్సీసైక్లిన్ అనే చాలా చవకైన గోలీతో రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. పట్టుకోకపోతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. ఐజీఎం ఎలైసా దీనికి పరీక్ష. ఐదు రోజులు దాటిన జ్వరానికి మలేరియా, డెంగీతోపాటు దీన్ని కూడా చూడమని అడగాలి.

నమూనా ఎంత దూరం పోవాలి

2020 మార్చిలో ఇండోనేషియా నుంచి కరీంనగర్ వచ్చిన 10 మందికి కోవిడ్ ఉన్నట్టు తేలింది. అప్పటికి ఆ పరీక్ష చేసే సర్కారు ల్యాబు కరీంనగర్‌లో లేదు. 160 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదే దిక్కు. ఆదిలాబాద్ నుంచైతే 300 కిలోమీటర్లు. ఆ రోజుల్లో ల్యాబు ఫలితం కన్నా ముందు పుకారు చేరింది. క్రిమి మీద పడాల్సిన కన్ను ముస్లింల మీద పడింది. సామాజిక దూరం అన్న మాట విన్నప్పుడు మనకు అది కొత్తగా అనిపించలేదు. అంటును మనుషుల మీద రుద్దడం ఈ దేశానికి ఎంత తేలికో మరోసారి చూశాం.

కోవిడ్ కాలంలోనే ఆదిలాబాద్ రిమ్స్‌లోనూ, కరీంనగర్‌లోనూ ఆర్‌టీపీసీఆర్ పరీక్షలు మొదలయ్యాయి. 2021 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 19 జిల్లా కేంద్రాల్లో డయాగ్నొస్టిక్ హబ్‌లు తెరిచింది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, ఆసిఫాబాద్ అందులో ఉన్నాయి. పీహెచ్‌సీలో తీసిన నమూనాను బండిలో హబ్‌కు తీసుకెళ్లి, అప్పట్లో 57 రకాల పరీక్షలు ఉచితంగా చేసి ఫలితం పంపడం ఆ పథకం. పాత ఆదిలాబాద్ జిల్లాలో 2008లో వచ్చిన రిమ్స్ తప్ప మరో సర్కారు మెడికల్ కాలేజీ చాలాకాలం లేదు. పాత కరీంనగర్ జిల్లాలో 2022 దాకా ఒక్కటీ లేదు. ఆ ఏడాది జగిత్యాల, రామగుండం, మంచిర్యాలల్లో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, ఆసిఫాబాద్‌లలో కాలేజీలు వచ్చాయి. మెడికల్ కాలేజీ అంటే డాక్టర్లను తయారుచేసే చోటు మాత్రమే కాదు. ప్రతి కాలేజీలో మైక్రోబయాలజీ విభాగం ఉండి తీరాలి. అంటే కల్చర్ చేయగల సర్కారు ల్యాబు ఈ జిల్లాల్లోకి వచ్చింది.

భవనం వచ్చింది కాబట్టి పని అయిపోలేదు. రక్తపు కల్చర్ సీసాలు ఉన్నాయా, రీజెంట్లు అయిపోకుండా వస్తున్నాయా, ఆదివారం నాడు టెక్నీషియన్ ఉంటున్నాడా, వానకు తెగిపోయే దారుల అవతల ఉన్న గూడెం నుంచి నమూనా చల్లటి డబ్బాలో సమయానికి చేరుతోందా అన్నవి అసలు ప్రశ్నలు. నమూనా ఎండలో ఉడికితే ఫలితం కూడా చెడిపోతుంది.

ల్యాబు చెత్త ఎవరి చేతుల్లో ఉంది

ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చునేవాళ్లు ఒకరు, ఆ గది ఊడ్చి, వాడిన సూదులు, రక్తపు గొట్టాలు, కల్చర్ ప్లేట్లు మోసేవాళ్లు ఇంకొకరు. ఈ రెండో పనిలో ఎవరున్నారో కులం అడగకుండానే చెప్పొచ్చు. చాలాచోట్ల వాళ్లు అవుట్‌సోర్సింగ్ కార్మికులు.

2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. ల్యాబు వ్యర్థాలను, రక్తపు నమూనాలను అక్కడికక్కడే క్రిమిరహితం చేశాకే బయటికి పంపాలి. సూదులు గుచ్చుకోని గట్టి తెల్ల డబ్బాలో వేయాలి. వ్యర్థాలు ముట్టే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, టెటనస్ టీకాలు వేయించాలి. చేరేటప్పుడు ఒకసారి, తర్వాత ఏడాదికి కనీసం ఒకసారి ఆరోగ్య పరీక్షలు చేయించాలి. తొడుగులు, బూట్లు ఇవ్వాలి. కాంట్రాక్టరు మనిషి అన్న వంకతో దవాఖాన దీన్ని తప్పించుకోవడానికి వీల్లేదు. సూది గుచ్చుకుంటే సబ్బుతో కడిగి వెంటనే చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుకావాలి. ఈ సంగతి ఊడ్చే అక్కకు తెలియకపోతే ఆ దవాఖానలో ఎంత గొప్ప ల్యాబు ఉన్నా అది సగం ల్యాబే.

చీటీ చేతికి వచ్చాక

ల్యాబు రోగాన్ని చూపిస్తుంది. రోగం మళ్లీ రాకుండా చేసేది తిండి, నీళ్లు, ఇల్లు. జార్ఖండ్‌లో ఐసీఎంఆర్ మద్దతుతో జరిగి 2023లో ప్రచురితమైన రేషన్స్ అధ్యయనం దీన్ని లెక్కతో చూపించింది. టీబీ రోగి ఇంట్లోవాళ్లకు అదనంగా బియ్యం, పప్పు ఇస్తే వాళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ల్యాబులో నిర్ధారణ అయ్యే రకం టీబీ 48 శాతం తగ్గింది. టీకా చేయాల్సినంత పని పప్పన్నం చేసింది. మన పిల్లల పళ్లెంలో గుడ్డు ఉండాలా వద్దా, బీఫ్ ఉండాలా వద్దా అని వాదించేవాళ్లు ఈ లెక్క చూడాలి. నిక్షయ్ పోషణ్ కింద టీబీ రోగికి నెలకు 500 రూపాయలు ఇచ్చేవాళ్లు. 2024 నవంబర్ నుంచి దాన్ని 1,000 చేశారు. అది ఖాతాలో పడుతోందో లేదో ప్రతి నెలా చూసుకోవాలి.

మనం అడగాల్సినవి

జ్వరం రెండు రోజులు దాటితే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తపరీక్ష అడగాలి. మందు పడ్డాక తీసిన రక్తంలో క్రిమి పెరగకపోవచ్చు. మందు అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. పరీక్ష చేశాక ఫలితం కాగితం మన చేతికి రావాలి, నోటిమాట సరిపోదు. రెండు వారాలు దాటిన దగ్గుకు సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ చేయమని పేరు పెట్టి అడగాలి, అది ఉచితం. ఒకే వాడలో వారం లోపల నలుగురైదుగురికి ఒకే రకం జ్వరమో, వాంతులు విరేచనాలో మొదలైతే ఆశా కార్యకర్తకు, పీహెచ్‌సీకి వెంటనే చెప్పి, మనుషుల నమూనాలతోపాటు బోరు నీళ్లను, ట్యాంకు నీళ్లను కూడా పరీక్షించమనాలి. గత్తర కాలంలో మన తాతలు పోచమ్మకు మొక్కుకున్నారు, వాళ్లకు వేరే దారి లేదు. మనకు ఉంది.

సర్కారును అడగాల్సినవి కూడా ఉన్నాయి. ప్రతి పీహెచ్‌సీకి పని నేర్చిన, పర్మినెంటు టెక్నీషియన్ కావాలి. ఉట్నూరు, ఆసిఫాబాద్ ఏజెన్సీకి వానకాలంలో రోజూ నమూనాల బండి నడవాలి. జిల్లా మెడికల్ కాలేజీల కల్చర్ ల్యాబు కింది దవాఖానల నమూనాలకూ తెరిచి ఉండాలి. ఏ యాంటీబయాటిక్ ఈ జిల్లాలో పనిచేస్తోందో, ఏది పనిచేయడం లేదో ఏటా ప్రజలకు చెప్పాలి. ల్యాబు ఊడ్చేవాళ్లకు నిబంధనల ప్రకారం టీకాలు వేసిన రికార్డు గోడ మీద పెట్టాలి.

ఇంకొకటి మన పిల్లలకు సంబంధించింది. ల్యాబులో చీపురు పట్టడానికి మనల్ని పిలిచారు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మైక్రోస్కోపు ముందు కుర్చీ కూడా మనదే. ఇంటర్ ఒకేషనల్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు నుంచి మైక్రోబయాలజీలో పీజీ, పీహెచ్‌డీ దాకా రిజర్వేషన్ సీట్లున్నాయి. వాటిని ఖాళీగా పోనివ్వొద్దు. వాడలో పుట్టిన పిల్ల పలక మీద రక్తం పూసి, రంగు వేసి, వందో చోట కూడా ఓపికగా వెతికి, ఇదిగో ఇదీ మీ ఊరి జ్వరం అని చెప్పే రోజున అంటు అనే మాటకు ఒకే అర్థం మిగులుతుంది.